వలల పడ్డ దేవుళ్లు

మేము ఉండేది సాగర్ డ్యాం వెనుక నీళ్ల ఒడ్డున. దేవరకొండ దిక్కు నుంచి వచ్చే రోడ్డు మా ఇంటి ముందటికొచ్చి అయిపోతది. ఆ తర్వాత అంతా నీళ్లే. నిండినప్పుడు అవతలి ఒడ్డు కండ్లకు ఆనదు. కొత్తగ వచ్చినోళ్లు "అచ్చం సముద్రమే" అంటరు. నేను సముద్రం చూడలే, అందుకని కాదనను. ఎండిన బోరింగుల చుట్టు బిందె పట్టుకొని తిరిగిన ఊర్ల పుట్టినదాన్ని. ఇన్ని నీళ్లు ఇంటి ముందట పెట్టిన దేవునికి పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడే ఒక దండం పెట్టుకుంట.

మా ఆయన చేపలు పడ్తడు. తెల్లారంగ పుట్టిని నెత్తిన బోర్లించుకొని నీళ్లకు పోతడు. పుట్టి అంటే పెద్ద వెదురు బుట్ట, కింద తారు పూసి ఉంటది. గుండ్రంగ ఉంటది కాబట్టి దానికి ముందేదో వెనుకేదో తెల్వదు. మా అత్తమ్మ తన కొడుకు కూడా అట్లనే అంటది.

నేను బడికి పోలే. మా నాయిన కూలికి పోయొచ్చి, గోడ మీది దేవుని క్యాలెండర్ దించి, నేల మీద పరిచి, అక్షరాలు చెప్పెటోడు. పైన అమ్మవారు, కింద తిథులు. చదువు అంటే నాకు ఇప్పటికీ ముందు ఆమె మొఖమే కనబడ్తది. అందుకే దేవుని పటం అంటే నాకు కాయితం కాదు. ఇది ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్ల నేను ఎవ్వరినీ నవ్వులాటకు తీసుకోలే.

దేవుని పటం పాతదైతే చెత్తల వెయ్యరాదు, కాలవెట్టరాదు. పారే నీళ్లల్ల కలపాలె. మన ఇండ్లల్ల అందరికీ తెలిసిందే. అయితే ఇప్పుడు దేవుడు లేని కాయితం లేదు. పెండ్లి పత్రిక మీద గణపతి, అగర్‌బత్తి డబ్బ మీద సాయిబాబా, బియ్యం సంచి మీద అన్నపూర్ణ. గృహప్రవేశానికి వచ్చినోళ్లందరు పటమే బహుమతి ఇస్తరు. తెలంగాణ వచ్చినంక మా రోడ్డు వెడల్పయింది, కార్లు పెరిగినయి. పట్నం నుంచి, నల్లగొండ నుంచి ఆదివారం ఆదివారం వచ్చేటోళ్లు. డిక్కీ తెరిచి, దేవుళ్లను దించి, దండం పెట్టి, నీళ్లల్ల కలిపి, ఫోటో దిగి, తెచ్చుకున్న బిర్యాని తిని, ఆ ప్లేట్లు కూడా నీళ్లల్లనే కలిపి పోయెటోళ్లు. ప్లేట్ల మీద దేవుడు లేకుండె. అయినా కలిపెటోళ్లు.

చేపలు తగ్గినయి. ఎందుకు తగ్గినయంటే తలా ఒక మాట చెప్తరు. చేపలు పట్టేటోళ్లు, దోమతెర అసొంటి సన్న కండ్ల వలలేసి పిల్లలను కూడా ఊడ్చుకపోయే పొరుగూరోళ్లను తిడ్తరు. పొరుగూరోళ్లు కార్లోళ్లను తిడ్తరు. కార్లోళ్లు నీళ్లు పచ్చగైనయి, ఫోటో మంచిగ వస్తలేదని మమ్ముల తిడ్తరు. సర్కారు ఏడాదికోసారి చేపపిల్లలను ఇడుస్తది; అందరం చప్పట్లు కొడ్తం; అవి పెద్దగయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం ఒక్కలకు లేదు. బొచ్చెలు పోయినయి, కొర్రమట్టలు పోయినయి. జిలేబి చేప మిగిలింది. అది ఏం తిన్నా బతుకుతది, మన లెక్కనే.

మా ఆయన వలల మాత్రం జిలేబి చేపల కంటే దేవుళ్లే ఎక్కువ పడుతుండె.

వల గుంజంగనే ముందు బరువు తెలుస్తది. "ఇయ్యాల బొచ్చె పడ్డట్టుంది" అని సంబురపడి గుంజితే, గాజు అద్దంలకెళ్లి ఆంజనేయస్వామి చూస్తుండేటోడు. ఏం చెయ్యాలె? ఒడ్డు మీద పారేస్తే పాపం. ఇంటికి తెస్తే ఏ ఇంటి శనో మనింటికి వచ్చినట్టని అత్తమ్మ ఒప్పుకోదు. అందుకని కండ్లకద్దుకొని మల్ల నీళ్లల్లనే కలిపెటోడు. మా ఊరి చేపలోళ్లందరూ అంతే. రోజూ దేవుళ్లను పట్టుడు, దండం పెట్టుడు, ఇడుసుడు.

ఆ పటాలల్ల ఒక ఎర్రచీర లచ్చిమమ్మ ఉండె. పూత పోయిన బంగారు రంగు ఫ్రేము, అద్దానికి మూలకు పగులు. ఆమె మా ఆయనకు ఎన్నిసార్లు పడ్డదో లెక్క లేదు.

"మల్ల వచ్చిందే లచ్చిమమ్మ" అనెటోడు ఇంటికొచ్చి, చుట్టమొచ్చి పోయినట్టు.

"జర దూరంగ ఎయ్యరాదయ్యా?"

"దూరంగనే ఏస్తున్న."

"మరెట్ల వస్తది?"

"నేను వల కూడా దూరంగనే ఏస్తున్న గదనే!"

ఒకసారి పట్నం నుంచి పెండ్లి కాకముందే పెండ్లి ఫోటోలు దిగే జంట వచ్చింది. రంగుల పొగ ఇడిసిండ్రు, పిల్ల పొడుగు గౌను నీళ్లల్ల తడుస్తుంది. కెమెరా అతను మా ఆయనను బతిమిలాడిండు: "అన్నా, వెనుక నుంచి జర వల విసురు, మంచిగ వస్తది." విసిరిండు. గుంజిండు. వచ్చింది లచ్చిమమ్మ. పిల్ల గౌను ఎత్తిపట్టుకొని ఉరికొచ్చింది. "మా పెండ్లికి అమ్మే ఎదురొచ్చింది" అని ఏడ్చింది. పిలగాడు కూడా కండ్లు తుడుసుకున్నడు. అందరు దండం పెట్టిండ్రు, ఫోటోలు దిగిండ్రు. పోయేటప్పుడు ఆ పిల్ల పటాన్ని మా ఆయన చేతుల్ల పెట్టి, "భద్రంగా నీళ్లల్ల కలుపు అన్నా" అన్నది.

కలిపిండు.

వలకు గాజు శత్రువు. ఒక్కొక్క పటం ఒక్కొక్క బొక్క పెట్టేది. మా ఆయన పగలంతా వల కుట్టుడు, పొద్దున మల్ల చింపుకొచ్చుడు. ఒకరోజు ఒడ్డున దిగుతుంటే గాజు పెంకు అరికాల్ల దిగింది. దేవరకొండ దవాఖానల కుట్లేసిండ్రు. చేతికి కాకుండ కాలికి దిగినందుకు నేను దండం పెట్టుకున్న. చేతికి దిగితే వల పట్టలేడు. అతనితోని అట్లనే అన్న. అతను నా దిక్కు చూసి, "పట్టి ఏం చెయ్యాలె?" అన్నడు.

ఆ మాట నాకు నచ్చలే. ఎన్నడు అట్ల మాట్లాడే మనిషి కాదు.

మా ఆడబిడ్డ మొగడు జడ్చర్లల మందుల కంపెనీల పని చేస్తడు. కాలు సంగతి ఇని ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, ఆ నీళ్లల్ల ఏముందిరా ఇంక? మా కంపెనీల గేటు కాడ వాచ్‌మన్ కావాలె. కుర్చీల కూసునుడే పని. రాఖీకి మేమొస్తం, పోయేటప్పుడు నిన్ను తోలుకపోత." మాట అయితదో లేదో, ఎవరో ఊరికొస్తుంటే ఖాకీ బట్టలు కూడా పంపిండు. జర పెద్దయి. మా ఆయనను అందుల చూస్తే ఎండకు ఆరేసినట్టుండె.

నాకు ఉన్న ఒక్క ఫికర్ అదే: ఈ మనిషి నీళ్లు ఇడిసి గేటు కాడ బతుకుతడా? ఇంట్ల గోడకు ఆనుకొని కూసున్నా పుట్టిల ఉన్నట్టు ఊగుతడు. జడ్చర్లల ఏముంటది ఊగడానికి?

అత్తమ్మ మాత్రం అలవాటు చెయ్యాలని పట్టుబట్టింది. ఖాకీ బట్టలు తొడిగించి, మా ఇంటి తడిక ముందట కుర్చీ ఏసి కూసోబెట్టింది. అతను పాపం నిజంగనే నేర్చుకుందామనుకున్నడు. అత్తమ్మ పాలచెంబు పట్టుకొని లోపటికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఎవరు మీరు? ఆధార్ కార్డు చూపియ్యాలె."

"నీ తల్లినిరా."

"అట్ల అందరూ అంటరు."

అత్తమ్మ చెంబుతోనే ఒకటి ఇచ్చింది. తర్వాత చూస్తే కుర్చీ ఖాళీ. ఖాకీ బట్టలతోనే నీళ్లకాడ నిలబడి అలలు చూస్తున్నడు.

ఆ ఏడు పై నుంచి నీళ్లు రాలే. సాగర్ వెనుకకు వెనుకకు పోయింది. పోయిన కొద్దీ బురదల నుంచి దేవుళ్లు తేలిండ్రు. ఎన్నేండ్ల దేవుళ్లో! రేవు నుంచి నీళ్లదాక ఎల్లెలకల పండుకొని ఆకాశం దిక్కు చూస్తున్నరు. నడుమ నడుమ వినాయకుని ఇనుప చువ్వలు, సీసాలు, ప్లేట్లు. మామూలు మనిషికి అది చెత్త. మాకు కాదు. దేవుని మొఖం మీద కాలు ఎట్ల పెడ్తం? పుట్టి నెత్తిన పెట్టుకొని చేపలోళ్లు ఒంటికాలు మీద ఎగురుకుంట పోయెటోళ్లు. కాలు తగిలితే ఆగి, వంగి, దండం పెట్టాలె, వంగితే పుట్టి జారి ఇంకో దేవుని మీద పడేది, దానికింకో దండం. నీళ్లకాడికి పోయేసరికి పొద్దెక్కి చేప లోతుకు పోయేది.

అత్తమ్మ గొడుగు పట్టుకొని వచ్చి చూసి గుండెలు బాదుకున్నది. "ఇంతమందిని ఎండల పండవెట్టిండ్రు, ఒక్కలకన్న నీడ చూసిండ్రా?" అని ఇంటికి పోయి వరికుప్ప మీది పట్టా గుంజుకొచ్చి కప్పింది. సగంమందికే సరిపోయింది. ఎవరికి కప్పాలె, ఎవరికి కప్పొద్దు అన్నకాడ ఊర్ల శివుని దిక్కోళ్లకు, యాదగిరి నర్సన్న దిక్కోళ్లకు మాటామాటా పెరిగింది.

దేవరకొండ నుంచి పంతులును పిలుచుకొచ్చినం. ఆయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొని చూసిండు.

"అమ్మా, జీర్ణమైన పటాలను పారే నీళ్లలో కలపాలి."

"కలిపినం గద పంతులూ, కలిపితేనే ఇట్లయింది" అన్నది అత్తమ్మ. "పోనీ నీ గుళ్లె పెట్టుకో."

"గుడిలో స్వామి నిలబడడానికైనా జాగా మిగలాలి కదమ్మా. అసలు పటం కాదు, భావం ముఖ్యం."

"అయితె గా భావాన్ని ట్రాక్టర్ల ఎక్కియ్యాల్నా, వద్దా? అది చెప్పు."

పంతులు మంచోడు, దొరకని జవాబుకు కోపం తెచ్చుకోలే. జర ఆలోచించి, "మీ నీళ్లు నిలబడ్డాయి. పారేచోటికి తీసుకుపోండి" అన్నడు. ఆ వానకాలం మా సాగర్‌కు పై నీళ్లు రాకున్నా, డిండి దిక్కు వానలు గట్టిగ కొట్టినయి. డిండి చెరువు నిండి అలుగు పారుతుందని అందరు చెప్పుకుంటున్నరు. పై నుంచి గేట్లు ఎత్తితే సాగర్ మల్ల నిండుతది, దేవుళ్లు మల్ల మునుగుతరు, రాఖీ దగ్గరికొచ్చింది. ఇగ ఆగేది లేదని ఊరంత కలిసి వాళ్లను కడిగి, సంచులల్ల పేర్చి, ట్రాక్టర్ల ఎక్కిచ్చినం. డిండికి తోలుకపోవాలె.

అంతమంది దేవుళ్లతోని ఉట్టిగ పోవుడు మర్యాద కాదని అత్తమ్మ తన కొడుకుకు ఖాకీ బట్టలు తొడిగించి ట్రాక్టర్ మీద నిలబెట్టింది. ఆమె, నేను, ఇంకో ఇద్దరు ఆడోళ్లం సంచుల నడుమ కూసున్నం. ఒళ్లె పసుపు కుంకుమ, కొబ్బరికాయలు.

దేవరకొండ దాటినంక ఒక చాయ హోటల్ కాడ ఆగినం. ఎదురుంగ ఇంకో ట్రాక్టర్ వచ్చి ఆగింది. దాంట్ల కూడా పట్టా కప్పిన సంచులు, ఆడోళ్లు, ఒళ్లె కొబ్బరికాయలు. ముందట కూసున్న పెద్దామె, నుదురంత బొట్టు, మా దిక్కు చూసి నవ్వింది.

"ఏడికి వదినె?"

"డిండికి" అన్నది అత్తమ్మ. "మీరో?"

"మాది డిండినే. కిష్ణకు పోతున్నం, సాగర్‌కు."

రెండు ట్రాక్టర్లు బందయినయి. హోటలాయన చేతుల చాయ గిలాసలు అట్లనే ఉన్నయి. ఖాకీ బట్టలు చూసి ఆయన అప్పటికే భయపడ్డడు.

"సంచులల్ల ఏముంది?" అన్నది అత్తమ్మ, తెలిసి కూడా.

"దేవుళ్లు."

"మాయి గూడ వాళ్లే."

ఆ ట్రాక్టర్ దిక్కు తిరిగి మేము దండం పెట్టినం. మా ట్రాక్టర్ దిక్కు తిరిగి వాళ్లు పెట్టిండ్రు.

"మా డిండికి ఎందుకు తెస్తున్నరు వదినె?" అన్నది పెద్దామె. మెల్లగనే అన్నది గని మాటల ముల్లుంది.

"మీది పారుతుందట గదా."

"అలుగు పారేది నాలుగొద్దులు. తర్వాత ఉత్త చెరువే. మీది నది గదా అని మేమొస్తున్నం."

"ఏడ నది? దేవుని మీద కాలు పెట్టకుండ నీళ్లు ముట్టుకునేటట్టు లేదు. నీ సంచులు గూడ తెచ్చి దించు, ఇగ మేము ఇండ్లు ఖాళీ చేస్తం."

అప్పుడు మా ఆయన ట్రాక్టర్ దిగిండు. ఆ బట్టలల్ల అతను దిగుతుంటే హోటలాయన గిలాసలు కింద పెట్టి చేతులు కట్టుకున్నడు.

"అత్తా, డిండి వాగు ఏడికి పోతదో ఎరికేనా?" అని పెద్దామెను అడిగిండు. "మా సాగర్‌లనే వచ్చి కలుస్తది. మా రేవు పక్కకు."

అత్తమ్మకు అర్థమైంది. "అంటే మనం డీజిల్ పోసి తీసుకపోతే వాళ్లు తీరుబడిగ ఇంటికొస్తరన్నట్టు."

పెద్దామెకు నవ్వు ఆగలే. తర్వాత అత్తమ్మకు. ఇద్దరు సంచుల మీద కూసొని కొంగులు నోట్ల కుక్కుకున్నరు. మా ఆయన నవ్వలే. అతని మొఖం నేను చూసిన. ఈ ట్రాక్టర్ దేవుళ్లతోనే తిరిగి మా ఊరికి పోతే, అతను జడ్చర్లకు పోతడు. అది ఆ మొఖం మీద రాసి ఉండె.

నలుగుట్ల మాట్లాడుడు నాకు అలవాటు లేదు. నాయిన చేసేది ఒకటి గుర్తొచ్చింది, అదే నోట్లకెళ్లి వచ్చింది. ఏడాది అయిపోయినంక నాయిన అక్షరాలు చెప్పిన క్యాలెండర్‌ను గంగాళంల నీళ్లు పోసి నానబెట్టెటోడు. మెత్తగయినంక పిసికి, ఆ నీళ్లు తీసుకపోయి మల్లెచెట్టు మొదట్ల పోసెటోడు. మా ఊర్ల నది లేకుండె, చెరువు ఎండిపోయుండె, ఆయన ఇంకేం చేస్తడు? "దేవున్ని నీళ్లకాడికి తీసుకపోలేకుంటే, నీళ్లనే దేవునికాడికి తేవాలె బిడ్డా" అనెటోడు.

"గట్ల గూడ కలిసినట్టేనా?" అన్నది పెద్దామె.

"ఆ మల్లెచెట్టు పూలే నాయిన పూజకు తెంపెటోడు" అన్న. అంతకంటే శాస్త్రం నాకు తెల్వదు.

హోటల్ వెనుక బర్లు నీళ్లు తాగే సిమెంటు గోలెం ఉండె. హోటలాయన, ఇది పోలీసుల పని కాదని తెలిసినంక పానం కుదుటపడి, బోరు మోటరు ఏసిండు. గోలెం కడిగి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టినం. ఫ్రేములు ఒక దిక్కు, అద్దాలు ఒక దిక్కు తీసి, కాయితాలు నీళ్లల్ల ఇడిసినం. రెండూర్ల ఆడోళ్లం మోచేతులదాక దేవుళ్లల్ల పెట్టి పిసికినం. నీళ్లు ముందు ఎర్రగయినయి, తర్వాత నీలంగ, ఆఖరుకు ఏ రంగో చెప్పరాని రంగు. అంతల హోటలాయన బర్రె తన గోలెం కాడికి తాను వచ్చి, మూతి పెట్టి, ఇంత తాగి పోయింది. ఎవరూ కొట్టలే. పెద్దామె లేచి దాని కాళ్లకు దండం పెట్టింది. ఇగ అందరం పెట్టినం. మిగిలింది బిందెలతోని రోడ్డు పొంటి సర్కారు నాటిన మొక్కలకు పోసినం. ఎండుతున్న మొక్కలే అవి.

ప్లాస్టిక్ పూత ఉన్న దేవుళ్లు నానలే. వాళ్లు ఇప్పటికీ మా కొట్టంల సంచులల్ల ఉన్నరు. అత్తమ్మ రోజూ ఒక అగర్‌బత్తి ముట్టిస్తది. వాళ్లకు ఏం దారి చూపాలో నాకింక తెలియలే.

బురదల తేలిన దేవుళ్లల్ల లచ్చిమమ్మ కూడా ఉండె, ఆమెను మా ఆయన ఎవ్వరికీ ఇయ్యలే. తానే ఫ్రేము ఇప్పిండు. మా స్టీలు బిందెల వేరుగ నానబెట్టి, "ఇగ తిరుగుడు చాలు తల్లీ" అన్నడు. ఆ నీళ్లు ఇంటికి తెచ్చి మా వాకిట్ల మల్లెమొక్కకు పోసిండు.

ఆ వారంలనే పై గేట్లు ఎత్తిండ్రు. సాగర్ ఎర్రగ పొంగుకుంట వచ్చి, ఒడ్డును కడిగి, రేవును ముట్టుకున్నది. రాఖీ రోజు ఆడబిడ్డ, ఆమె మొగడు జడ్చర్ల నుంచి పొద్దున్నే వచ్చిండ్రు. వాళ్లు వచ్చేసరికి మా ఆయన లేడు. "ఆఖరుసారి ఏసొస్త" అని పుట్టి ఎత్తుకొని పోయిండు. నేను దేవుని ముందట దీపం పెట్టిన గని ఏం అడగలే. అడిగేది నాకు సిగ్గు. ఇప్పటిదాక ఇచ్చినయి మాత్రం ఒక్కొక్కటి యాది చేసుకున్న.

వచ్చిండు. వల చినగలే. బొచ్చెలు మనిషి మోసుకొచ్చేటన్ని పడ్డయి. వరదకు ఎక్కడెక్కడివో కొట్టుకొచ్చినయో ఏమో. ఆడబిడ్డ రాఖీ కట్టింది. బావ కూర తినుకుంట, "మరి గేటు సంగతేంది బామ్మర్దీ?" అన్నడు.

"గేటు ఈడ్నే దొరికింది బావా" అన్నడు.

నిజమే. అప్పటికే అతని మనసుల ఉండె. ఆ తర్వాత రేవు ముందట, రోడ్డు అయిపోయేకాడ, ఒక పాత గోలెం తెచ్చి పెట్టిండు. ఆదివారం ఆదివారం ఖాకీ బట్టలేసుకొని కుర్చీల కూసుంటడు. కారు రాంగనే లేచి చెయ్యి అడ్డం పెడ్తడు. "దేవుళ్లు ఉంటే ఈడ దించుండ్రి. ప్లేట్లు ఉంటే కార్లనే పెట్టుండ్రి." ఆ బట్టలు చూసి ఎవరూ ఎదురు మాట్లాడరు. కొందరు ఆధార్ కార్డు కూడా తీస్తరు. అందరూ ఇంటరని కాదు; అవతలి దిక్కు నుంచి కలిపేటోళ్లు కలుపుతనే ఉన్నరు. సన్న వలలోళ్లు ఊడుస్తనే ఉన్నరు. అయినా మా రేవు కాడ కాలు పెట్టేటంత జాగా అయితే అయింది.

ఆ రాఖీ రోజు పొద్దుగూకంగ, వచ్చినోళ్లు బస్సెక్కినంక, మా ఆయన చేతులు కడుక్కొని వాకిట్ల ఊరికే నిలబడ్డడు.

"ఏమైంది? మంచిగనే పడ్డయి గదా" అన్న.

"పడ్డయి" అన్నడు. జర ఆగి, "ఎవ్వరూ రాలే" అన్నడు.

ఎవరి గురించి అంటున్నడో నాకు తెలుసు. మల్లెమొక్క దిక్కు చూపిచ్చిన. అతను పోయి దాని పక్కన గొంతుకూసొని, చుట్టానికి చెప్పినట్టు, ఏ మడుగు కాడ వల ఏసింది, ఎన్ని బొచ్చెలు పడ్డయి, అన్నీ చెప్పొచ్చిండు.